ఇసుక పని చేస్తుంది, ముందు మీ బోరు నీళ్లు చూసుకోండి

"రెండడుగుల చేపల ట్యాంకు. వారం వారం సగం నీళ్లు మార్చినా నైట్రేట్ లీటరుకు 80 మిల్లీగ్రాముల దగ్గరే ఉంటోంది. అడుగున ఐదంగుళాల ఇసుక పోస్తే దిగుతుందంటున్నారు, మంచినీటి ట్యాంకులో ఎవరైనా చేసి చూశారా?" అని అడిగారు. నేను చేశాను. కర్నూలులో, మా హాల్లో, మూడడుగుల ట్యాంకులో నాలుగేళ్లుగా నడుస్తోంది. పని చేస్తుంది. చేయదనేవాళ్లలో చాలామంది నెలన్నర చూసి ఇసుక ఎత్తిపోసినవాళ్లే.

నాకూ మీ కథే. నీళ్లు మార్చిన రోజు కాస్త దిగేది, వారం తిరిగేసరికి మళ్లీ అక్కడికే. షాపతను ప్రతిసారీ ఒక సీసా అంటగట్టేవాడు. ఒకటి నీళ్లు తేటపడటానికి, ఒకటి బ్యాక్టీరియాకు, ఇంకొకటి దేనికో అతనికే తెలియదు. చివరికి ఒకరోజు చిరాకేసి, ట్యాంకు నీళ్లు కాకుండా నేరుగా బోరు కుళాయి కింద పట్టిన నీళ్లలో నైట్రేట్ పరీక్ష కిట్ చుక్కలు వేశాను. 40 చూపించింది! తాగే నీళ్లలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశంలో ప్రమాణం. మా బోరు దానికి గడప దగ్గర నిలబడి ఉంది. ఇక లెక్క మీరే వేసుకోండి. 80 ఉన్న ట్యాంకులో సగం తీసి 40 ఉన్న నీళ్లు పోస్తే 60 అవుతుంది. మిగతాది వారంలో చేపలు చూసుకుంటాయి. వీధి నిండా సెప్టిక్ గుంతలు, ఊరి చుట్టూ యూరియా చల్లిన చేలు పెట్టుకుని, బోరులో నైట్రేట్ ఎక్కడిదని ఆశ్చర్యపోవడం మనకే చెల్లింది. అన్నట్టు, పరీక్ష చేసేటప్పుడు కిట్‌లోని రెండో సీసాను అర నిమిషం గట్టిగా ఊపండి. అడుగున పొడి పేరుకుని ఉంటుంది, ఊపకపోతే తక్కువ చూపించి మోసం చేస్తుంది.

సరే, ఇసుక. పక్కింటి కట్టుబడికి దింపిన కుప్పలోంచి అడిగి నాలుగు సంచులు తెచ్చాను. వంటింటి జల్లెడతో జల్లించాను (ఆ జల్లెడ ఇంకా మిద్దె మీదే ఉంది, ఆ గొడవ వేరు). బకెట్లో పోసి కడిగితే మొదట టీ రంగులో మురికి నీళ్లు, పదిహేనో బకెట్‌కు గానీ తేటపడలేదు. గుప్పెడు ఇసుక మీద నిమ్మకాయ పిండి చూశాను, నురగ రాలేదు. వస్తే అందులో సున్నం ఉన్నట్టు. అలంకారానికి పెట్టిన బేతంచెర్ల బండ ముక్కల మీద పిండితే మాత్రం బుసబుసా పొంగింది, వాటిని తీసేశాను. మా నీళ్లు అసలే గట్టి నీళ్లు, దానికి ఇంకా సున్నం ఎందుకు? మొత్తం ఐదంగుళాల మందం పోసేసరికి యాభై కిలోలు పట్టింది. స్టాండు కిర్రుమంటే ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

ఇందులో జరిగేది ఇంతే. పై అంగుళంలో ఆక్సిజన్ ఉంటుంది. చేపలు వదిలే అమ్మోనియాను అక్కడి బ్యాక్టీరియా నైట్రేట్‌గా మార్చి ఊరుకుంటుంది, మామూలు ఫిల్టర్ చేసేదీ ఇంతవరకే. కిందికి పోయేకొద్దీ ఆక్సిజన్ అయిపోతుంది. అక్కడుండే బ్యాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌నే లాక్కుని బతుకుతుంది, మిగిలిన నైట్రోజన్ బుడగలై పైకి పోతుంది. దీనికి నెలలు పడుతుంది. నాకు నాలుగు నెలలదాకా ఏమీ కనపడలేదు. ఆరో నెలలో 20. అదే బోరు నీళ్లు పోస్తూనే, బోరు కంటే తక్కువ!

ఎనిమిదో నెల, మే నెల మధ్యాహ్నం. కరెంటు పోయి గంట దాటింది, గాలి మోటరు ఆగిపోయింది, ట్యాంకు నీళ్లు చేయి పెడితే వెచ్చగా తగులుతున్నాయి. నంద్యాల నుంచి మా బామ్మర్ది వచ్చి ఉన్నాడు. అద్దం వెంబడి ఇసుకలో నల్లటి చార చూసి, "బావా, ఇదేంది, అడుగంతా కుళ్లిపోయిందే!" అన్నాడు. "ముట్టుకోవద్దురా" అని నేను వంటింట్లోంచి అనేలోపే మావాడి స్టీలు స్కేలు తీసుకుని అద్దం పక్కన కిందిదాకా దింపి పెళ్లగించాడు. గోలీకాయంత బుడగలు గుడగుడమని పైకొచ్చాయి, వెనకే కుళ్లిన కోడిగుడ్డు వాసన. రెండు నిమిషాల్లో మాలీ చేపలన్నీ నీటి అంచుకు చేరి నోళ్లు తెరిచాయి. నేను బకెట్లతో నీళ్లు తోడుతుంటే వాడు విసనకర్రతో ట్యాంకుకు విసురుతున్నాడు! రెండు మాలీలు పోయాయి. ఆ రోజు నుంచి వాడు మా ట్యాంకుకు రెండు గజాల దూరంలోనే కూర్చుంటాడు.

ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్. కింద నైట్రేట్ కూడా దొరకని చోట ఇంకో రకం బ్యాక్టీరియా సల్ఫేట్ మీద పడి దాన్ని తయారు చేస్తుంది. సముద్రపు నీళ్లలో లీటరుకు దాదాపు 2,700 మిల్లీగ్రాముల సల్ఫేట్ ఉంటుంది కాబట్టి ఉప్పునీటి ట్యాంకుల వాళ్లకు ఆ భయం ఎక్కువ, మనకు తక్కువ. మా బోరు సగం సముద్రం కాబట్టి నాకు మధ్యస్థం అనుకోండి. నల్ల చారను చూసి మాత్రం బెదరకండి, కదపనంతవరకు అది దాని మానాన అది ఉంటుంది. తర్వాత ఆ వాయువు ఒకేచోట పేరుకోకుండా నేను ఇసుకలో దూరి తిరిగే మలేషియన్ ట్రంపెట్ నత్తలు వేశాను, వేళ్లు లోతుగా పోయే వాలిస్నేరియా నాటాను. కరెంటు పోయినప్పటికి బ్యాటరీ మోటరు కొన్నాను. ఇప్పుడు నైట్రేట్ 10, 20 మధ్య ఆడుతోంది.

మా ఆవిడ మాత్రం ఇదంతా ట్యాంకు పైన వేళ్లు నీళ్లలో వేలాడేలా తను పెట్టిన మనీప్లాంట్ చలవే అంటుంది. అది పెట్టింది ఐదో నెలలో, నైట్రేట్ దిగింది ఆరో నెలలో. కాకతాళీయం. మనీప్లాంట్ నైట్రేట్ పీల్చుకుంటుంది, కాదనను, కానీ నాలుగు కొమ్మలకు అంత సీనుందా?

మీది రెండడుగుల ట్యాంకన్నారు. ఎత్తు పదిహేనంగుళాలుంటే, ఐదు ఇసుకకు పోగా చేపలకు మిగిలేది పదే. మీరైతే ముందు బోరు నీళ్లు పరీక్షించి, కుళాయికి వచ్చే మునిసిపాలిటీ నీళ్లలో నైట్రేట్ తక్కువుంటే అవి పట్టి, క్లోరిన్ పోయేలా ఒకరోజు నిలవబెట్టి వాడండి. మూతి దగ్గర ఒక మనీప్లాంట్ కొమ్మ కూడా పెట్టండి. ఈ మాట నేనన్నానని మా ఇంట్లో తెలియనివ్వకండి.