పైనుంచి తీసిన వీడియో అడ్డం ఎందుకు తిరుగుతుంది?

ఫోన్‌ను బల్లకు సమాంతరంగా పడుకోబెట్టి రికార్డు నొక్కితే ఏ అంచు పైకి ఉందో దానికి తెలియదు. వీడియో అడ్డం తిరిగో, తలకిందులుగానో రావడానికి కారణం అదే.

ఫోన్ నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా అన్నది లోపలి యాక్సెలరోమీటర్ అనే సెన్సర్ భూమ్యాకర్షణను బట్టి పోల్చుకుంటుంది. నిలబడిన ఫోన్‌లో ఆ లాగుడు ఏదో ఒక అంచు వైపు ఉంటుంది. కెమెరా నేరుగా కిందికి చూస్తుంటే లాగుడంతా వీపు వైపే, నాలుగు అంచులూ సమానమే. ఇక అంతకుముందున్న దిశనో, బిగించేటప్పుడు కాస్త వంగిన వైపునో పట్టుకుంటుంది. రికార్డు నొక్కిన క్షణంలో ఉన్న దిశే సాధారణంగా ఫైలులో చేరుతుంది, మధ్యలో మారదు. మనకు పనికొచ్చేది ఈ గుణమే.

పీట మీద అరిసెలు ఒత్తడం అడ్డంగా తీయాలనుకోండి. వంట చేసేవారి వైపు నిలబడి ఫోన్‌ను అడ్డంగా తిప్పి, తెర మీకు ఎదురుగా ఉండేలా నిలబెట్టి పట్టుకోండి. తెర మీది ఫ్లాష్ గుర్తు నిటారుగా తిరిగాక రికార్డు నొక్కండి. ఆ తర్వాతే, పై అంచు మీకు దూరంగా వెళ్లేలా కిందికి వంచి క్లాంపులో బిగించండి. ఈ వరస తప్పితే చేతులు పైనుంచి వేలాడుతున్నట్టు కనిపిస్తాయి. మొదటి 10 సెకన్లు ఎడిటింగ్‌లో కోసేయవచ్చు.

ఆటో రొటేట్ ఆపేస్తే చాలని చాలామంది అనుకుంటారు. అది ఆపేది తెర తిరగడాన్నే. చాలా ఫోన్లలో కెమెరా యాప్ ఆ సెట్టింగుతో పనిలేకుండా సెన్సర్‌నే చూస్తుంది.