చవక గదుల్లో దిగేటప్పుడు దుప్పట్లు, తువ్వాళ్లు: మా కాశీ అనుభవం

"డిసెంబరు చివర్లో అమ్మానాన్నల్ని తీసుకుని స్లీపర్ క్లాసులో కాశీ వెళ్తున్నాం. సత్రంలోనో, చవక గెస్ట్‌హౌస్‌లోనో దిగుతాం. పక్కబట్టలు, తువ్వాళ్లు ఇంటి నుంచి మోసుకెళ్లాలా, అక్కడే ఇస్తారా?" అని అడిగారు కదా. చాలాచోట్ల పరుపు, దుప్పటి ఇస్తారండీ. వాటిని కప్పుకోబుద్ధవుతుందా అనేది వేరే సంగతి. తువ్వాలు మాత్రం ఇస్తారని ఆశ పెట్టుకోకండి.

మేం మొదటిసారి జనవరిలో వెళ్లాం. అత్తగారు, మామగారు, ఇద్దరు పిల్లలు, మేమిద్దరం. తొమ్మిది నిద్రలు చేయాలని అత్తగారి పట్టుదల. రెండు సోలాపూర్ దుప్పట్లు, నాలుగు టర్కీ తువ్వాళ్లు, రెండు దిండ్లు... పెద్ద సూట్‌కేసు మొత్తం వాటికే సరిపోయింది. తీరా అక్కడ ఆటో అతను మెయిన్ రోడ్డు మీద దింపేశాడు. పాండే హవేలీ వైపు తెలుగువాళ్ల సత్రాలు చాలా ఉన్నాయి కానీ, లోపలికి గల్లీల్లో నడిచే వెళ్లాలి. ఎదురుగా ఆవు, వెనక హారన్ కొడుతూ బండి, కింద పేడ. ఆ సూట్‌కేసును చక్రాల మీద లాగింది తక్కువ, చేత్తో మోసింది ఎక్కువ.

అసలు కష్టం తువ్వాళ్లతో వచ్చింది. తెల్లవారుజామున గంగస్నానం, తర్వాత పొద్దెక్కేదాకా మంచు. ఎండే లేనప్పుడు టర్కీ తువ్వాలు ఎక్కడ ఆరుతుంది? మూడో రోజుకి గది నిండా ముక్కిపోయిన వాసన. ఇంటికొచ్చాక వంటింటి కాటాలో తూచాను. టర్కీ తువ్వాలు ఒక్కటే అరకిలో పైన ఉంది, తడిపితే కిలోన్నర. మామగారి పాత చేనేత తుండు 150 గ్రాములు కూడా లేదు. దాన్ని గట్టిగా పిండి ఫ్యాను కింద వేస్తే మధ్యాహ్నానికి ఆరిపోతుంది. అప్పటినుంచి మనిషికి రెండు తుండ్లు, అంతే. ఒకటి ఆరేలోపు రెండోది. మైక్రోఫైబర్ టవల్ కూడా ఒకసారి కొన్నాను. త్వరగా ఆరుతుంది కానీ ఒళ్లు తుడుచుకుంటే నీళ్లు అటూ ఇటూ జరిపినట్టుంటుంది. పెద్దవాళ్లకి అస్సలు నచ్చదు.

దుప్పటి విషయంలో నేను పెట్టుకున్న లెక్క ఒకటే. ఒంటికి తగిలే గుడ్డ మనది, పైన బరువుది వాళ్లది. దీనికి మా అత్తగారు కనిపెట్టిన ఉపాయం చెప్తాను. మెత్తబడిన పాత నూలు చీర తీసుకోండి. ఐదున్నర మీటర్లు ఉంటుంది కదా, పొడవులో సగానికి మడవండి. మడత వచ్చినవైపు కాళ్లు. రెండు అంచులూ కింది నుంచి నడుము దాకా మాత్రమే కుట్టండి. పైదాకా కుడితే రాత్రి బాత్రూముకి లేవడం పెద్ద ప్రహసనం! మనిషి దూరి పడుకునే సంచి తయారవుతుంది. పొడవు ఇంకా మిగులుతుంది కాబట్టి కింది పొర దిండు మీద దాకా వస్తుంది, పై పొర అంచును సత్రంవాళ్ల రగ్గు మీదకి మడిస్తే ఆ రగ్గు మొహానికి తగలదు. ప్రయాగలో పడవ దిగాక ఆడవాళ్లు తడిబట్టలు మార్చుకోవడానికి ఇదే అడ్డం పట్టాం.

దిండ్లు మోయకండి. గలీబులు చాలు. వాళ్ల దిండు మరీ బాగాలేకపోతే గలీబులో స్వెటరు, శాలువా కుక్కి తల కింద పెట్టుకోవచ్చు.

ఇక చలి. డిసెంబరు చివర, జనవరిలో అక్కడ రాత్రి 8, 10 డిగ్రీలకు పడిపోతుంది. మన ఊళ్ల చలి అనుకుని వెళ్తే వణికిపోతారు. స్లీపర్‌లో రైల్వేవాళ్లు మామూలుగా పక్కబట్టలు ఇవ్వరు, ఏసీ బోగీల్లో ఇస్తారు. నాగపూర్ దాటాక రాత్రి షట్టరు దించినా సందుల్లోంచి గాలి కొడుతుంది. కాబట్టి అమ్మానాన్నలకి చెరో రగ్గు, మంకీ క్యాపు, సాక్సు రైలు కోసమే తప్పదు. వీలైతే వాళ్లిద్దరికైనా థర్డ్ ఏసీ చూడండి. మీకు రగ్గు చాలకపోతే గొదౌలియా బజారులో కొనుక్కోండి. మేం రెండు కొన్నాం, తిరిగొచ్చే రోజు ఘాట్ మెట్ల మీద చలికి ముడుచుకుని కూర్చున్నవాళ్లకి ఇచ్చేశాం. అత్తగారికి కంబళి దానం చేసిన తృప్తి, నాకు బరువు తగ్గిన తృప్తి.

గదిలోకి వెళ్లగానే సామాను మంచం మీద పెట్టకండి. ముందు సెల్‌ఫోన్ లైటు వేసి పరుపు కుట్ల వెంట, మంచం కోళ్ల సందుల్లో చూడండి. చిన్న చిన్న నల్ల చుక్కలు కనిపిస్తే నల్లులు ఉన్నట్టే, మొహమాటపడకుండా వేరే గది అడగండి. మేం ఒకసారి మొహమాటపడ్డాం. పిల్లల చేతుల మీద దద్దుర్లు వారం ఉన్నాయి. చీర సంచి నల్లుల్ని ఆపలేదు, అందులో భ్రమ వద్దు. ఇంటికి రాగానే ఆ బట్టలన్నీ గుమ్మం దగ్గరే విప్పి సలసలా కాగే నీళ్లలో నానబెట్టాను.

మూడు మీటర్ల నైలాన్ తాడు, డజను పిన్నీసులు, తడిబట్టలకి రెండు ప్లాస్టిక్ కవర్లు పెట్టుకోండి. తాడు గదిలోనే కట్టండి. ఎండ వచ్చింది కదా అని డాబా మీద ఆరేశారో, కోతులున్నాయి. మామగారి కొత్త తువ్వాలు అలాగే పోయింది. మర్నాడు ఎదురు మేడ పిట్టగోడ మీద కనిపించింది కానీ, దాని మీద కూర్చున్నవాడిని అడిగే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.