ఇంటర్‌ప్రెట్ పక్కన ఏ మాట కుదురుతుంది?

చిరంజీవి అమ్మాయికి,

చెన్నై నుంచి పెదనాన్న ఆశీస్సులు. బెంగళూరు ఆఫీసులో నువ్వు రాసిన నివేదికలో ‘డీప్లీ ఇంటర్‌ప్రెట్’ అన్నచోట పై అధికారి గీత గీశారనీ, తప్పేమిటో చెప్పలేదనీ రాశావు. వ్యాకరణం తప్పలేదమ్మా, జత కుదరలేదు. మనం కటిక చీకటి అంటాం, గాఢనిద్ర అంటాం. కటిక నిద్ర అంటే పసిపిల్లలు కూడా వింతగా చూస్తారు. ఈ పొత్తులకు కాలొకేషన్ అన్న పేరును భాషాశాస్త్రంలో నిలబెట్టిన జె.ఆర్. ఫర్త్ 1937లో మన దేశానికి వచ్చి గుజరాతీతోపాటు తెలుగునూ పరిశీలించారని తెలిసినప్పుడు నాకెంతో సంతోషం కలిగింది.

ఇంటర్‌ప్రెట్ అంటే అర్థం చేసుకోవడమని బట్టీపట్టడంతోనే చిక్కు మొదలవుతుంది. ఆ పని అండర్‌స్టాండ్‌ది. దాని పక్కన ఫుల్లీ, క్లియర్లీ చక్కగా ఇముడుతాయి. ఇంటర్‌ప్రెట్‌కు మూలమైన లాటిన్ మాటకు మధ్యవర్తి, దుబాసీ అని అర్థం. ఒకప్పుడు ఈ మద్రాసులో కంపెనీ దొరలకూ స్థానిక వర్తకులకూ నడుమ నిలబడి మాట నడిపిన దుబాసీలను తలుచుకుంటే ఈ క్రియ స్వభావం తెలుస్తుంది: ఎదుటి మాటకు ఫలానా అర్థం తీశామని ఇది చెబుతుంది కనుక, ఆ అర్థాన్ని ఏ తీరున తీశామో తెలిపే మాటలే దీనితో ఎక్కువగా కలుస్తాయి. లిటరల్లీ అంటే అక్షరార్థంగా, బ్రాడ్లీ అంటే పరిధిని విస్తరించి, నారోలీ అంటే కుదించి.

స్ట్రిక్ట్‌లీ దగ్గర నేనూ పొరబడ్డాను. అనువాదకుడిగా చేరిన కొత్తలో ఒక ఒప్పందపత్రంలోని ‘స్ట్రిక్ట్‌లీ ఇంటర్‌ప్రెటెడ్’ను ‘కఠినంగా అర్థం చేసుకోవలెను’ అని తెనిగించాను. మా పెద్ద గుమాస్తాగారు ఎర్ర పెన్సిల్‌తో కఠినాన్ని కొట్టేసి, పైన ‘ఉన్న మాటకు కట్టుబడి’ అని రాశారు. ఆ కాగితం చాలాకాలం నా సొరుగులో ఉంది.

మౌనాన్ని అంగీకారంగా తీసుకున్నారని చెప్పాలంటే ‘ఇంటర్‌ప్రెటెడ్ హిజ్ సైలెన్స్ యాజ్ కన్సెంట్’ అనాలి. అక్కడ యాజ్‌ను వదిలేయవద్దు. డేటా, రిజల్ట్స్, లా, డ్రీమ్ ఇంటర్‌ప్రెట్‌కు సహజమైన కర్మలు. నమూనా చిన్నదైనప్పుడు ఫలితాలను ‘ఇంటర్‌ప్రెట్ విత్ కాషన్’ అనడం పరిశోధనా పత్రాల్లో తరచు కనిపిస్తుంది. నీ ఉద్యోగంలో ఇది బాగా అక్కరకొస్తుంది. ఇటువంటి జతలు ఎదురైనప్పుడల్లా విడిమాటను కాక వాక్యం మొత్తాన్ని నోటు పుస్తకంలో ఎక్కించుకో.

ఇక నీ వాక్యం సంగతి. అంకెలను లోతుగా పరిశీలించామన్నది నీ ఉద్దేశమైతే ‘ఎనలైజ్డ్ ఇన్ డెప్త్’ అని రాయి. తొందరపడకుండా అర్థం తీశామన్నదైతే ‘కేర్‌ఫుల్లీ ఇంటర్‌ప్రెటెడ్’ సరిపోతుంది. రెండింటిలో ఏది నీ మనసులో ఉందో తేల్చుకుని, దిద్దిన పేజీ నాకు పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న