దేశాలను పోల్చే ముందు

అమ్మాయీ,

ఆదాయ అసమానత, దేశాల అభివృద్ధి మీద పరిశోధన మొదలుపెట్టావని తెలిసి చాలా సంతోషించాను. ఏళ్ల తరబడి ఈ లెక్కలతోనే గడిపినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, తొందరపడి గ్రాఫు గీయకు.

ముందు ఏ దేశపు గినీ సూచిక, అంటే అసమానతను కొలిచే అంకె, దేని మీద కట్టారో చూడు. లాటిన్ అమెరికా సర్వేలు ఎక్కువగా కుటుంబాల ఆదాయం అడుగుతాయి. భారత్ సర్వేలు చాలాకాలంగా ఖర్చు అడుగుతూ వచ్చాయి. ఉన్నవాళ్లు సంపాదించిందంతా ఖర్చు పెట్టరు, లేనివాళ్లు అప్పు చేసైనా తినాలి. అందుకే ఖర్చు లెక్కన అంతరం తక్కువగా కనిపిస్తుంది. బ్రెజిల్ ఆదాయం పక్కన భారత్ ఖర్చు పెట్టి తీర్పులు చెప్పేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. పైగా బాగా డబ్బున్నవాళ్లు సర్వేలకు సరిగ్గా చిక్కరు. పన్ను లెక్కలు దొరికితే అవీ తిరగెయ్యి.

ఇక ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ సంగతి. అభివృద్ధి తొలిదశలో అసమానత పెరిగి, తర్వాత తగ్గుతుందని ఆయన 1955లో రాశాడు. చేతిలో ఉన్నవి ప్రధానంగా అమెరికా, ఇంగ్లండ్, జర్మనీ లెక్కలే. తన వ్యాసంలో ఆధారం బహుశా 5 శాతం, మిగతా 95 శాతం ఊహ అని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ నిజాయితీని వదిలేసి, ఊహను సూత్రం చేసింది తర్వాతివాళ్లు. అడ్డంగా తలసరి ఆదాయం, నిలువుగా అసమానత వేసి, ఒకే కాలానికి అన్ని దేశాల చుక్కలూ పెడితే మధ్యలో మూపురం లేచిన మాట నిజమే. కానీ లాటిన్ అమెరికా చుక్కలకు వేరే రంగు వేసి చూడు, మూపురం మీద కూర్చున్నవి చాలావరకు అవే. అక్కడి అంతరాలకు వలస పాలన నాటి నుంచి కొద్దిమంది గుప్పిట్లో ఉండిపోయిన భూమి వంటి పాత కారణాలున్నాయి. వాటిని మధ్యాదాయ దశ ఖాతాలో వేయడం అన్యాయం.

కాబట్టి ఒక్కో దేశాన్నీ విడిగా, కాలం వెంట చూడు. భూసంస్కరణల తర్వాత తైవాన్, దక్షిణ కొరియా అసమానతను పెద్దగా పెంచుకోకుండానే దశాబ్దాల పాటు వేగంగా ఎదిగాయి. అమెరికాలో ఒకప్పుడు తగ్గిన అంతరం 1970ల చివరి నుంచి మళ్లీ పెరిగింది.

చైనా విషయంలో మరీ జాగ్రత్త. అక్కడ ఆదాయాలు పెరగడంతో ప్రపంచ ప్రజలందరి మధ్య అంతరం తగ్గింది. అదే కాలంలో చైనా లోపల పెరిగింది. ఈ రెండింటిలో నువ్వు దేని గురించి అడుగుతున్నావో మొదటి పేజీలోనే రాయి.

పట్టిక తయారయ్యాక ఏ సర్వే, ఏ సంవత్సరం, ఆదాయమా ఖర్చా అన్నది ప్రతి అంకె పక్కనా రాసి పంపు. ఓపికగా చూస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న