సెకండ్ హ్యాండ్ కారు: సర్వీస్ రికార్డును ఎలా చదవాలి?

పాత కారు కొనేముందు సర్వీస్ హిస్టరీ ఎలా సరిచూసుకోవాలని అడుగుతూ చాలామంది పాఠకులు రాశారు. ఈ సంచికలో ఆ ప్రశ్నలకే జవాబులు.

ప్రశ్న: 2017 జూన్‌లో రిజిస్టరైన డిజైర్ డీజిల్ చూశాను. మీటరు 61,000 చూపిస్తోంది. షోరూం రికార్డు 2020 జనవరి దాకానే ఉంది. తర్వాత బయట చేయించామంటున్నారు. ప్రింటులోని తేదీలు, రీడింగులు పంపుతున్నాను. తీసుకోవచ్చా? (ఖమ్మం)

జవాబు: మంచి పని చేశారు. తేదీ, కిలోమీటర్లు పక్కపక్కన రాసుకుంటే సగం విషయం అక్కడే తెలిసిపోతుంది. మీరు పంపిన వివరాల ప్రకారం 2017 జూలైలో 1,020, డిసెంబరులో 5,200, 2018 జూన్‌లో 10,900, డిసెంబరులో 20,600, 2019 జూన్‌లో 31,200, 2020 జనవరిలో 43,500. అంటే 2018 జూన్ నుంచి 19 నెలల్లో 32,600 కిలోమీటర్లు, నెలకు 1,700 పైమాటే. అలా తిరిగిన డీజిల్ బండి ఆ తర్వాత ఐదేళ్లకు పైగా కలిపి 17,500 మాత్రమే తిరిగిందట. ఏడాదికి 3,500 కూడా పడదు.

అంతమాత్రాన మీటరు వెనక్కి తిప్పారని తేల్చేయకండి. 2020 మార్చి తర్వాత ఎన్నో కార్లు ఇంటిముందే ఉండిపోయాయి. బండి చేతులు మారి ఉండొచ్చు కూడా. ముందు ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఇప్పటి యజమాని ఎన్నోవారో చూడండి. రెండోవారైతే ఏ తేదీన బదిలీ అయిందో అడగండి. 2020లోనే మారి, కొత్త యజమాని ఊళ్లోనే తిప్పుకుంటే ఆ లెక్క కుదురుతుంది. మొదటి యజమానే ఇంకా ఉంటే వాడకం ఎందుకు పడిపోయిందో ఆయనే చెప్పాలి. డిజైర్లలో ట్యాక్సీగా తిరిగి తర్వాత సొంత బండిగా మార్చినవీ ఉంటాయి, ఆ సంగతీ అడగండి.

తర్వాత ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ అడగండి. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారులపై ఫాస్టాగ్ తప్పనిసరి. కాబట్టి రికార్డు లేని ఆ ఖాళీ కాలానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు యాప్‌లో యజమాని తన ఫోన్‌లోనే తీసి చూపించగలరు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు పేర్లు నెలకు రెండుసార్లు రానూపోనూ కనిపించాయనుకోండి. హైదరాబాద్–విజయవాడ రానూపోనూ సుమారు 540 కిలోమీటర్లు, నెలకు రెండు ట్రిప్పులంటే ఏడాదికి దాదాపు 13,000. మీటరు చెప్పే 3,500తో అది పొసగదు.

చివరగా టైర్లు. పక్కగోడ మీద డీఓటీ అక్షరాల వరుస చివర నాలుగంకెలుంటాయి. 1422 అంటే 2022లో 14వ వారం తయారీ. అలాంటి టైర్లు నాలుగూ గాడుల మధ్య ఉండే అరుగుదల గుర్తుల దాకా అరిగిపోతే, ఆ టైర్ల మీద బండి పాతిక, ముప్ఫై వేలకు తక్కువ తిరిగి ఉండదు. మీ బండి మీటరు ప్రకారం 2020 నుంచి తిరిగిందే 17,500. బ్రేకు, క్లచ్ పెడళ్ల రబ్బర్లు మాత్రం కొత్తగా మెరుస్తుంటే ఎందుకు మార్చారో అడగండి. 61,000కి అవి మార్చాల్సినంతగా అరగవు. ఈ మూడింటిలో రెండు మీటరుతో కలవకపోతే ఆ బండి వదిలేయండి. ధర తగ్గించినా వద్దు. అసలెంత తిరిగిందో తెలియని బండికి ఏ పార్టు ఎప్పుడు మార్చాలో చెప్పలేం.

ప్రశ్న: కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి బండి నంబరు చెబితే హిస్టరీ ఇవ్వం అన్నారు. వేరే మార్గం ఉందా? (కరీంనగర్)

జవాబు: ఆ రికార్డు యజమానిది, మీకివ్వకపోవడం సబబే. అమ్మేవారిని వెంటబెట్టుకుని ఆర్సీతో వెళ్లండి, లేదా కంపెనీ యాప్‌లో ఆయన నంబరుకు వచ్చే ఓటీపీతో తెరిపించండి. ఇందుకు ఒప్పుకోని యజమాని దగ్గర బేరం సాగించనక్కర్లేదు.

సర్వీస్ సెంటర్‌లో మూడు విషయాలు అడగాలి. మొదటిది, మామూలు సర్వీసులతో పాటు బాడీ షాపు జాబ్ కార్డులు. ప్రమాదం తర్వాత చేసిన డెంటింగ్, పెయింటింగ్, ఇన్సూరెన్స్ పనులు అక్కడే ఉంటాయి. సర్వీస్ హిస్టరీ అని మాత్రమే అడిగితే చాలాసార్లు వీటిని తీసి చూపించరు. రెండోది, ప్రతి జాబ్ కార్డులో కస్టమర్ చెప్పిన ఫిర్యాదు. ‘ఇంజిన్ వేడెక్కుతోంది’ అని రెండుసార్లు రాసి, రెండుసార్లూ కూలెంట్ మాత్రమే నింపి పంపారంటే లీకు ఇంకా ఉండొచ్చు. మూడోది, సర్వీస్ అడ్వైజర్ సిఫారసు చేసినా యజమాని వద్దన్న పనులు. మీరు కొన్నాక మొదట ఖర్చు పెట్టాల్సినవి అవే.

ప్రింటులోని ఛాసిస్ నంబరును బండి మీద చెక్కిన నంబరుతో అక్షరం అక్షరం పోల్చండి. అది 17 అక్షరాలుంటుంది, అందులో ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ రావు. మారుతీలకు సాధారణంగా ఎంఏ3తో, హ్యుందాయ్‌లకు ఎంఏఎల్‌తో, టాటాలకు ఎంఏటీతో మొదలవుతుంది. అదే నంబరుతో రీకాల్ పని (తయారీ లోపం సరిచేయడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలిచి చేసేది) మిగిలి ఉందేమో కూడా చూడమనండి. ఉంటే కంపెనీ ఉచితంగానే చేస్తుంది.

ప్రశ్న: సర్వీస్ బుక్‌లో అన్ని ముద్రలూ ఉన్నాయి. బయటి షెడ్డు బిల్లులు కూడా ఫైలు నిండా ఇచ్చారు. నమ్మొచ్చా? (అనంతపురం)

జవాబు: ముద్ర ఎవరైనా కొట్టించుకోవచ్చు. ఆరేళ్ల సర్వీసులన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒకే సిరా రంగులో ఉంటే ఆ పుస్తకం పక్కన పెట్టి బిల్లులు తీయండి.

కాస్త పెద్ద వర్క్‌షాపులు జీఎస్టీ నంబరుతో బిల్లిస్తాయి. అది 15 అంకెలు, అక్షరాల నంబరు. మొదటి రెండంకెలు రాష్ట్రానివి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే ఆ నంబరు కొడితే సంస్థ పేరు, రిజిస్ట్రేషన్ తేదీ వస్తాయి. బిల్లు తేదీ నాటికి ఆ షాపుకు రిజిస్ట్రేషనే లేకపోతే ఆ బిల్లు తర్వాత తయారుచేసిందే. జీఎస్టీ వచ్చింది 2017 జూలై 1న. అంతకుముందు తేదీ వేసిన బిల్లు మీద జీఎస్టీ నంబరు కనిపించినా అంతే. చిన్న షెడ్డు వాళ్లకు జీఎస్టీ ఉండకపోవచ్చు, అది తప్పు కాదు. ఆ మెకానిక్‌కు ఫోన్ చేసి ‘ఈ నంబరు బండికి ఏం చేశారన్నా’ అని అడగండి. నాలుగేళ్లుగా చూస్తున్న బండి గురించి మెకానిక్ తడుముకోడు.

బయట చేయించడం లోపమని అనుకోకండి. ఏం చేశారన్నదే ముఖ్యం. బిల్లులో ఇంజినాయిల్ గ్రేడు, లీటర్లు, ఆయిల్ ఫిల్టర్ విడివిడిగా ఉన్నాయా చూడండి. ఎక్కువ చిన్న పెట్రోల్ ఇంజిన్లకు మూడు నుంచి మూడున్నర లీటర్లు పడుతుంది. ప్రతి 10,000 కిలోమీటర్లకు గానీ ఏడాదికి గానీ, ఏది ముందైతే అప్పుడు ఆయిలూ ఫిల్టరూ మారాలి. తక్కువ తిరిగిన కార్ల యజమానులు ఈ ఏడాది గడువునే మరిచిపోతుంటారు. ఆయిల్ పోసే మూత తీసి లోపలికి టార్చి వేయండి. లోపలి భాగాలు సన్నటి తేనెరంగు పొరతో ఉంటే ఆయిల్ సమయానికి మారినట్టే. నల్లటి జిగురు, ముద్దలు కనిపిస్తే ఫైల్లో ఎన్ని బిల్లులున్నా ఆయిల్ మారలేదు. ఆ జిగురు ఆయిల్ దారులను మూసేస్తుంది, టర్బో ఉన్న ఇంజిన్లలో ముందు దెబ్బతినేది టర్బోనే.

బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమ పీలుస్తుంది కాబట్టి చాలా కార్లలో రెండేళ్లకోసారి మార్చాలి. డీజిల్‌కు ఫ్యూయల్ ఫిల్టర్, ఆటోమేటిక్‌కు గేర్‌బాక్స్ ఆయిల్ బిల్లులు వెతకండి. అన్నిటికన్నా ముఖ్యం టైమింగ్ బెల్టు, అంటే ఇంజిన్‌లో పిస్టన్లు, వాల్వుల కదలికను జతకలిపే బెల్టు. డస్టర్ 1.5 డీజిల్, పోలో 1.5 డీజిల్, ఎకోస్పోర్ట్ 1.5 డీజిల్ లాంటి వాటికి చైను కాదు, బెల్టే. అది నడుస్తుండగా తెగితే పిస్టన్లు వాల్వులను గుద్దుకుని ఇంజిన్ పైభాగమంతా విప్పాల్సి వస్తుంది. ఓనర్ మాన్యువల్‌లో చెప్పిన గడువు దాటి, మార్చిన బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకోండి. బెల్టుతో పాటు టెన్షనర్, వాటర్ పంపు మార్చే ఖర్చు కూడా ధరలో తగ్గించమనండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన కార్లు అమ్మకానికి వస్తున్నాయంటున్నారు. రికార్డులో అది తెలుస్తుందా? (గుంటూరు)

జవాబు: కొన్నిసార్లే తెలుస్తుంది. మరమ్మతు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువలో) 75 శాతం దాటితే ఇన్సూరెన్స్ కంపెనీ బండిని టోటల్ లాస్‌గా లెక్కగడుతుంది. అలాంటి బండిని వేలంలో కొన్నవారు బయటే బాగుచేయించి అమ్మితే షోరూం రికార్డు 2024 దగ్గర ఆగిపోతుంది. విజయవాడలో తిరిగిన బండికి ఆ నెల తర్వాత రికార్డు లేకపోతే జాగ్రత్తపడాలి.

2024, 2025 పాలసీలు రెండూ అడిగి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోల్చండి. 35 శాతం ఉన్నది సున్నాకు పడితే మధ్యలో క్లెయిమ్ జరిగినట్టు. అయితే బోనస్ బండిది కాదు, యజమానిది. చేతులు మారినా సున్నా అవుతుంది. బోనస్ రక్షణ యాడ్ ఆన్ ఉంటే క్లెయిమ్ చేసినా తగ్గకపోవచ్చు. కాబట్టి బోనస్ చూసి ఊరుకోకుండా బండి కూడా చూడాలి.

సీటు బెల్టులు చివరిదాకా లాగండి. లోపల చుట్టుకుని ఉండే భాగాన్ని ఎవరూ సరిగా కడగరు, బురద గీత అక్కడే మిగిలిపోతుంది. ముందు సీట్ల కింద పట్టాలు, వాటి బోల్టులు తుప్పు పట్టాయేమో, స్టెప్నీ గుంతలో ఇసుక ఉందేమో చూడండి. డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి కింది స్పాంజి నొక్కితే చెమ్మ, వాసన తెలుస్తాయి. డ్యాష్‌బోర్డు కింద వైరింగ్ సాకెట్లలో పిన్నుల మీద పచ్చటి పొర కనిపిస్తే ఇక ఆలోచించకండి. ఆ బండి ఈ రోజు బాగా నడవొచ్చు. ఆ తుప్పు ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు పట్టేయకుండా చూసే వ్యవస్థ) సర్క్యూట్లలోకి పాకడానికి నెలలు పడుతుంది.

ప్రశ్న: ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌కు తగిలించి వివరాలు చదివే పరికరం) పెడితే అసలు రీడింగ్ తెలుస్తుందా? (నిజామాబాద్)

జవాబు: కొన్ని మోడళ్లలో కంపెనీ స్థాయి స్కానర్‌తో ఇంజిన్, ఏబీఎస్, గేర్‌బాక్స్ యూనిట్లలో విడిగా నమోదైన కిలోమీటర్లు చదవొచ్చు. అన్నిటికీ రాదు. చౌక బ్లూటూత్ స్కానర్ మరో పనికొస్తుంది. కారు కంప్యూటర్ లోపాలను కోడ్లుగా నమోదు చేస్తుంది, ‘కోడ్లు చెరిపిన తర్వాత తిరిగిన దూరం’ చూడండి. అది 12 కిలోమీటర్లని వస్తే, మీరు వచ్చే ముందే చెక్ ఇంజిన్ లైటు ఆర్పేశారన్నమాట. అలాంటప్పుడు ఓ యాభై, అరవై కిలోమీటర్లు నడిపాక మళ్లీ స్కాన్ చేయించండి.

ప్రశ్న: అడ్వాన్స్ ఇస్తేనే రికార్డులు చూపిస్తానంటున్నాడు బ్రోకర్. (ఒంగోలు)

జవాబు: ముందు రికార్డులు, తర్వాతే అడ్వాన్స్. మరీ పట్టుబడితే చిన్న మొత్తం, అదీ యజమాని ఖాతాకే, బ్యాంకు ద్వారా పంపండి. రసీదు మీద బండి నంబరు, ఛాసిస్ నంబరు, ఆ రోజు మీటరు రీడింగ్ వేయించి, ‘సర్వీస్, బాడీ షాపు రికార్డులు మీటరుతో సరిపోకపోతే అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇస్తాను’ అని రాయించి యజమాని సంతకం తీసుకోండి. మీటరు ఫొటో కూడా అప్పుడే తీసుకోండి.