ఈత బాగా వస్తే, మునిగిపోతున్నవాళ్ళ కోసం వెంటనే నీళ్ళలోకి దూకేయొచ్చా?

దూకకూడదు, ఈత ఎంత బాగా వచ్చినా సరే, నీళ్ళలోకి దిగడం అన్నది ఇంకే దారీ లేనప్పుడు చేసే చివరి పని, అదీ రెస్క్యూలో శిక్షణ ఉన్నవాళ్ళకే. ఊపిరాడని మనిషి ఏది దొరికితే దాన్ని పట్టుకుని పైకెక్కాలనే చూస్తాడు, అది ఆలోచించి చేసేది కాదు, శరీరం తనంతట తానే చేస్తుంది, అందుకే దగ్గరికి వెళ్ళినవాళ్ళ మెడో భుజాలో పట్టుకుని కిందికి తొక్కేస్తాడు. ఒకరు పోవాల్సిన చోట ఇద్దరు పోయేది ఇలాగే. లైఫ్‌గార్డులు కూడా వీలైనంతవరకు ఉత్త చేతులతో వెళ్ళరు, తమకూ ఆ మనిషికీ మధ్య రెస్క్యూ ట్యూబ్ (నీళ్ళలో తేలే పొడవాటి మెత్తటి దిమ్మ) అడ్డం పెట్టుకుంటారు.

ఉదాహరణకు ఎవరైనా గట్టుకు రెండు మూడు మీటర్ల దూరంలో మునుగుతుంటే, ముందు సాయం కోసం గట్టిగా అరిచి, గట్టు మీద బోర్లా పడుకుని పొడవాటి కర్ర అందించాలి (నిలబడి అందిస్తే ఆ లాగుడికి మీరూ లోపలికి పోతారు), అందకపోతే తాడో, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బానో విసరాలి.

చాలామంది పొరబడేది ఇంకొకటుంది: మునిగేవాళ్ళు చేతులూపి కేకలు వేస్తారని. కేక వేయాలంటే ముందు ఊపిరి అందాలి కదా! నోరు నీళ్ళలో మునుగుతూ తేలుతూ ఉంటే, చేతులు పక్కలకు చాచి నీటిని నొక్కుతూ, మనిషి నిటారుగా, చప్పుడు లేకుండా ఉంటాడు. తాడు కాస్త దూరంగా పడితే చెయ్యి చాచి అందుకోలేడు కూడా, కాబట్టి అది అతని భుజం మీదుగా పడేలా విసరాలి.