రిపోర్టులన్నీ నార్మల్, మరి కౌన్సెలింగ్ ఎందుకు?

ప్రశ్న: మేడమ్, నాకు 34 ఏళ్లు. రెండేళ్ల కిందట కోవిడ్ వచ్చి తగ్గింది గానీ అప్పట్నుంచీ ఒంట్లో సత్తువ లేదు. ఓ రోజు కాస్త బాగుందని బట్టలుతికి ఇల్లంతా సర్దానంటే ఆ మర్నాడో ఎల్లుండో మంచం మీంచి లేవలేను, ఎంత పడుకున్నా నిద్రపోయినట్టే ఉండదు, మాట మధ్యలో మర్చిపోతా. థైరాయిడ్, షుగర్, బీ12, రక్తం అన్నీ నార్మలే, డాక్టరుగారు కౌన్సెలింగ్‌కి వెళ్లమన్నారు. 'ఏ రోగమూ లేదని తేలిందిగా' అంటున్నారు మా అత్తగారు. నాది మనసు జబ్బేనా?
- ఒక సోదరి, ఖమ్మం

జవాబు: కాదమ్మా. పని చేసిన ఒకట్రెండు రోజులకి ఒళ్లు ఇలా కూలబడిపోవడం, అదీ ఆర్నెల్లు దాటి సాగితే, క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌కి ముఖ్యమైన గుర్తు, దీన్నే ఎంఈ అని కూడా అంటారు. ఒకసారి ఫిజీషియన్‌ని ఈ పేరు చెప్పే అడగండి, నిలబడితే గుండె దడ వస్తుంటే అదీ చెప్పండి. ఇది మనసు జబ్బు కాదని, శరీరానికొచ్చే తీవ్రమైన జబ్బని అమెరికాలో 2015లోనే నిపుణుల కమిటీ రాసింది.

మరి కౌన్సెలింగ్ ఎందుకంటారా, షుగర్ ఉన్నవాళ్లు, క్యాన్సర్ వచ్చినవాళ్లు వెళ్లట్లేదా, అలాగే. జబ్బు తగ్గించడానికి కాదు, ఆగిపోయిన ఉద్యోగం గురించి, పిల్లల్ని చూసుకోలేకపోతున్నానన్న బాధ గురించి మనసారా ఏడవడానికి ఒక చోటు కావాలి కదా. నా దగ్గరికొచ్చే ఇలాంటివాళ్లని పడుకునే మాట్లాడమంటా, అరగంటలో ఆపేస్తా, రాలేకపోతే ఫోన్లోనే. చాలామంది మొదటిరోజు అడిగేది ఒకటే, 'మీరైనా నమ్ముతున్నారా' అని, ఆ మాట వింటే కడుపు తరుక్కుపోతుంది.

ఒక్క జాగ్రత్త. 'నీరసమున్నా లేచి రోజూ ఇంకొంచెం ఎక్కువ నడువు' అని బలవంతపెడితే ఆ కౌన్సెలర్‌ని మార్చేయండి, అలా వ్యాయామం పెంచుకుంటూ పోయే పద్ధతిని బ్రిటన్ 2021లో తన మార్గదర్శకాల్లోంచి తీసేసింది. ఒంట్లో బాగున్న రోజునే సగం పనితో ఆగండి, కష్టమే, కానీ కూలబడే రోజులు తగ్గేది దాంతోనే. కూరగాయలు కూర్చునే తరుక్కోండి.

ఏ రోజు ఏం చేశారో, తర్వాత ఎన్ని రోజులు పడుకున్నారో ఒక నోటుబుక్కులో రాస్తూ ఉండండి. కౌన్సెలింగ్‌కి మీవారిని వెంటబెట్టుకెళ్లి అది కౌన్సెలర్ ముందే చూపించండి, అత్తగారికి మీవారే చెప్తే మీకు కొంత బరువు తగ్గుతుంది. ఎప్పుడైనా బతకాలనిపించకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ అది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.